శాలువాకంటే ముందు కవరు

 ఇవాళ పట్టాలు అందుకున్న పిల్లలూ, మీతో చెప్పాల్సింది చాలా ఉంది.

నేను కామర్స్ చదువుకున్నాను. నాటకాల పోటీలకు లెక్కలు రాయడంతో కళల నిర్వహణ రంగంలోకి వచ్చాను. ఆ తర్వాత నాట్య బృందాలను ఊళ్ళు తిప్పాను, ఉత్సవాలు నడిపాను, జానపద కళాకారుల కాగితాలు చూశాను. నా ఇల్లు గడిచింది, పిల్లల చదువులు సాగింది ఈ పని మీదే. కాబట్టి "నాటకం చదివిన పిల్లకు ఉద్యోగమేం వస్తుందండీ?" అని అడిగే తల్లిదండ్రులకు నన్ను చూసి కొంత ధైర్యం తెచ్చుకోమని చెబుతున్నాను. వేదిక మీద వేషం కట్టేవారు పదిమందైతే, ఆ వేషం జనం ముందుకు రావడానికి వెనక పాటుపడేవారు ఇరవైమంది కావాలి. ఆ ఇరవైమంది దొరకకే మన సంస్థలు మూతపడుతున్నాయి.

ఈ పని మనకు కొత్తదేమీ కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు 'కీచక వధ'తో మొదలుపెట్టిన సమాజం కుటుంబాలు కుటుంబాలుగా పెరిగి ఇవాళ్టికీ 'మాయాబజార్' ఆడుతోందంటే అది ఒక్క నటన వల్ల జరగలేదు. తెరలు, గుడారాలు, బండ్లు, ఊరూరా అనుమతులు, సమాజంలో పిల్లల తిండి, ఆడవాళ్ళ పురుళ్ళు, ఇవన్నీ ఎవరో ఒకరు దగ్గరుండి చూసుకున్నారు. పద్యనాటకాలు ఊపు మీదున్న రోజుల్లో కాంట్రాక్టరు ఉండేవాడు. నటులు పీసపాటి వారి కృష్ణుడికి, షణ్ముఖి వారి కృష్ణుడికి జనం తెల్లవార్లూ కూర్చున్న కాలం అది. ఏ ఊళ్ళో పంట డబ్బు చేతికొచ్చింది, ఏ కృష్ణుడి పక్కన ఏ అర్జునుడుంటే టికెట్లు తెగుతాయి, ఎవరికెంత బయానా ఇవ్వాలి, అన్నీ ఆ కాంట్రాక్టరుకు కంఠతా వచ్చు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది. ఆ తర్వాత నాటక పోటీలు నడిపే పరిషత్తు ఊరికొకటి వెలిసింది. ప్రతి పరిషత్తుకూ చందాల పుస్తకం పట్టుకుని తిరిగే ఒక కార్యదర్శి ఉండేవారు. ఆ కార్యదర్శులు కొందరు కాలం చేశారు, కొందరు మంచాన పడ్డారు. వాళ్ళ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

అలాంటి ఒక పరిషత్తులోనే నేను పని నేర్చుకున్నాను. గుంటూరు పక్కన ఒక ఊరు. కార్యదర్శి గారు మా నాన్నగారి స్నేహితులు. "అమ్మాయ్, రసీదు పుస్తకం నువ్వు చూడమ్మా" అన్నారు. చూశాను. షామియానా వేసేవాళ్ళకు సగం డబ్బు ముందే ముట్టింది. మైకుసెట్టు వాళ్ళు బయానా లేకుండా బండిలోంచి సామాను దించలేదు. వంటవాళ్ళకు ఏ రోజుది ఆ రోజే. శ్రీకాకుళం నుంచి సెట్టు సామాను రైల్లో మోసుకుని వచ్చిన బృందం మాత్రం అర్ధరాత్రి దాటాక, అతిథుల ప్రసంగాలన్నీ అయ్యాక, కార్యదర్శి గారి కుర్చీ చుట్టూ నిలబడి ఉంది. అందులో ఒక నటి. మర్నాడు ఇంకో ఊళ్ళో వేషం ఉంది, రెండింటికి బస్సు. ముఖం సగమే తుడుచుకుంది, కొబ్బరినూనె అంటిన గుడ్డ చేతిలోనే ఉంది. ఒక చెంప మీద ఇంకా రంగు. ఆ ముఖంతో నా దగ్గరికి వచ్చి, "అమ్మా, నా డబ్బులు ఎవరినడగాలి?" అంది. కాసేపటి కిందటే వేదిక మీద ఆవిడకు శాలువా కప్పారు. ఆ శాలువా ఆవిడ సంచిలోంచి సగం వేలాడుతోంది.

మరుసటి ఏడాది ముఖానికి రంగు వేసుకోకముందే కవరు ఇచ్చే పద్ధతి పెట్టించాను. కవరు మీద పేరు, లోపల డబ్బు, ఓచరు మీద సంతకం. కమిటీలో కొందరు గొణిగారు, ముందే డబ్బిస్తే సరిగ్గా ఆడరన్నారు. ఆడారు. ఆ పరిషత్తులో డబ్బు వేళకు ముడుతుందన్న మాట నోటా నోటా పాకి, మంచి బృందాలు తమంతట తాము ఎంట్రీలు పంపడం మొదలుపెట్టాయి.

పిల్లలూ, నా దిగులంతా ఇదే. ఈ ప్రసంగంలో మిగతాదంతా మరిచిపోయినా నేనేమీ అనుకోను. మన సభల ఖర్చుల పట్టీ ఒకసారి తీసి చూడండి. దండలున్నాయి, మెమెంటోలున్నాయి, ముఖ్య అతిథి కారు ఖర్చుంది, ఫ్లెక్సీలున్నాయి. కళాకారుడి పారితోషికం అన్నిటికంటే కింద, మిగిలితే ఇద్దామన్నట్టు ఉంటుంది. కొన్నిచోట్ల ఆ పద్దే ఉండదు. "మీకు వేదిక ఇస్తున్నాం కదా" అంటారు. వేదిక ఇస్తే బియ్యం కొట్టువాడు ఊరుకుంటాడా?

మీరు కూడా తక్కువవాళ్ళేమీ కారు. మీ కాలేజీ ఉత్సవాల ఫోటోలు చూశాను. డప్పు దళాన్ని పిలిచారు, వాళ్ళ నడుమ గంతులేశారు, రీళ్ళు తీసి పెట్టారు. చాలా బాగున్నాయి. ఆ దళంలో ఒక్కరి పేరైనా రీలు కింద రాశారా? రాత్రి తిరుగు ప్రయాణానికి వాళ్ళకు బండి ఎవరు మాట్లాడారు? రీలు తీయడం ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది మీకు. రసీదు రాయడం రాదు. బంగారం లాంటి పిల్లలు మీరు, చూస్తే ముచ్చటేస్తుంది. అందుకే కోప్పడుతున్నాను. ఈ రెండో పని వచ్చిన రోజున మీకు ఉద్యోగం ఇవ్వడానికి సంస్థలు వెతుక్కుంటూ వస్తాయి.

డబ్బు తర్వాత కాగితం. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ అరవయ్యేళ్ళు దాటిన పేద కళాకారులకు నెలకు 6,000 రూపాయల వరకు సాయం ఇస్తుంది. దానికి వయసు, ఆదాయం రుజువులతో పాటు కళకు చేసిన సేవకు ఆధారాలు చూపాలి. ఒక పెద్దాయన హార్మోనిస్టు, పద్యనాటకాలకు జీవితమంతా వాయించినవాడు. దరఖాస్తు నింపడానికి వాళ్ళింటికి వెళ్ళాను. గూట్లో మెమెంటోలు బారులు తీరి ఉన్నాయి. సగం వాటి మీద పేరే లేదు, సంస్థ పేరూ రాజకీయ నాయకుడి పేరూ ఉన్నాయి. మంచం కింది ట్రంకు పెట్టె లాగి తెరిస్తే గులాబీరంగు, పసుపురంగు కరపత్రాలు కట్టలు కట్టలుగా బయటపడ్డాయి. ఒక్కొక్కటే విప్పి చూస్తున్నాం. శనివారం అని ఉంది, రాత్రి 9 గంటలకని ఉంది, తేదీ ఉంది, హార్మోనియం అని ఆయన పేరూ ఉంది. సంవత్సరం లేదు. మరుసటి వారం జరిగే నాటకానికి సంవత్సరం ఎందుకని ప్రెస్సువాళ్ళు అచ్చు వేయలేదు. చివరికి పాత పంచాంగాలు ముందేసుకుని, ఏ ఏడాది ఆ తేదీ శనివారం పడిందో లెక్కకట్టి, ఆ ఊరి పెద్దల చేత ధ్రువీకరణ రాయించి జతచేశాం. సాయం వచ్చింది. అందుకే చెబుతున్నాను. మీరు వేయించే ప్రతి ఆహ్వానపత్రం మీద సంవత్సరం వేయించండి, పక్కవాద్యం వాళ్ళతో సహా అందరి పేర్లూ వేయించండి, ప్రదర్శన అయ్యాక సంతకం పెట్టిన ఒక ఉత్తరం చేతికివ్వండి. ఇరవై ఏళ్ళ తర్వాత అదే వాళ్ళ ఆస్తి.

చట్టం కూడా కొంచెం తెలిసి ఉండాలి. ఒకసారి ఒక సంస్థ జానపద బృందం పారితోషికంలో జీఎస్టీ పేరు చెప్పి కోత పెట్టింది. జానపద, శాస్త్రీయ పద్ధతుల్లో సంగీతమో నృత్యమో నాటకమో ప్రదర్శించే కళాకారుడికి ఒక ప్రదర్శనకు లక్షన్నర రూపాయల వరకు ఆ పన్ను లేదు. ఆ మినహాయింపు ఉత్తర్వు అచ్చుతీసి బల్ల మీద పెట్టాను. వారం తిరిగేలోగా కోసిన డబ్బు వెనక్కొచ్చింది. నాటకం టికెట్టు 500 దాటకపోతే దాని మీదా పన్ను లేదు. ఇవి బ్రహ్మవిద్యలేమీ కావు, చదివితే వస్తాయి. చదివినవాళ్ళు లేకనే బృందాలు నష్టపోతున్నాయి.

మరి ఉద్యోగాలెక్కడ? ప్రభుత్వం వైపు నుంచి చూస్తే తంజావూరులోనూ నాగపూరులోనూ ఉన్న ప్రాంతీయ సాంస్కృతిక కేంద్రాల పరిధిలోకి మన రెండు రాష్ట్రాలూ వస్తాయి. తిరుమల తిరుపతి దేవస్థానానికి 1978 నుంచి అన్నమాచార్య ప్రాజెక్టు ఉంది. తెలంగాణ వచ్చాక ప్రభుత్వం పెట్టిన సాంస్కృతిక సారథిలో 550 మంది కళాకారులు నెల జీతం మీద చేరారు. పాటగాడికి ఒకటో తారీకున జీతం పడటం చిన్న సంగతి కాదు. అయితే సర్కారు నోటిఫికేషన్ కోసం గుమ్మంలో కూర్చోవద్దు. చెన్నై దగ్గర 1996 నుంచి నడుస్తున్న దక్షిణచిత్ర, బెంగళూరులో 2004లో తెరిచిన రంగ శంకర, హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2010 నుంచి ఉన్న లామకాన్ లాంటి కళా కేంద్రాల్లో కార్యక్రమాలు చూసేవారు, వేదిక నిర్వహించేవారు, టికెట్లు, ప్రచారం, రికార్డులు చూసేవారు కావాలి. కర్ణాటకలో హెగ్గోడు అనే పల్లెటూళ్ళో 1949లో మొదలైన నీనాసమ్ నాటక సంస్థ ఇవాళ దేశమంతటికీ తెలుసు. పల్లెటూరు అడ్డం కాలేదు. ముందే చెబుతున్నాను, మొదటి జీతం మీ సాఫ్ట్‌వేర్ స్నేహితుల జీతంతో తూగదు. చాలా ఉద్యోగాలు ఏడాది ఒప్పందం మీదే ఉంటాయి. ఇంట్లోవాళ్ళకు ఈ మాట దాచకుండా చెప్పండి.

నా ఆశ అంతకంటే చిన్న సంస్థల మీద ఉంది. వేటపాలెంలో 1918 నుంచి ఉన్న సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాలు, ఊళ్ళల్లో సంగీత సభలు, పరిషత్తులు, యక్షగాన సమాజాలు, నిమ్మలకుంట తోలుబొమ్మల కుటుంబాలు. వీళ్ళకు కళ ఉంది, పేరుంది. లేనిది ఫైలు. కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చుపెట్టాలి. ఆ ఖర్చు పెట్టదగిన వాటిలో కళలు, సంస్కృతి, వారసత్వ రక్షణ ఉన్నాయి. కానీ ఆ డబ్బు అందుకోవాలంటే సంస్థకు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ నమోదులు, సీఎస్ఆర్-1 నంబరు, ఆడిట్ అయిన లెక్కలు ఉండాలి. బొమ్మలు ఆడించే పెద్దాయనను ఇవన్నీ తెమ్మంటే ఎక్కడికి పోతాడు? ఆ పని మీది. నాలుగైదు సంస్థలకు కలిపి ఒక్కరు ఈ బాధ్యత తీసుకున్నా ఒక ఉద్యోగం అవుతుంది. ప్రతిపాదన రాసేటప్పుడు మీ జీతం పద్దు కూడా మొహమాటం లేకుండా రాయండి. కళాకారుడిది ముందు, మీది వెంటనే దాని కింద. ఊరికే చేస్తామని చెప్పి ఏడాదికే అలిసిపోయి వెళ్ళిపోయిన మంచి పిల్లలను చాలామందిని చూశాను. ఆ సంస్థలు మళ్ళీ మొదటికొచ్చాయి.

విదేశాల సంగతి కూడా ఒక మాట. అమెరికాలోని తెలుగువారి సంఘం తానా 1977 నుంచి ఉంది, సిలికానాంధ్ర మనబడి 2007 నుంచి పిల్లలకు తెలుగు నేర్పుతోంది, క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి త్యాగరాజ ఉత్సవాలు జరుగుతున్నాయి. ఇక్కడినుంచి అక్కడికి వెళ్ళే కూచిపూడి బృందానికి అమెరికా వాళ్ళిచ్చే పీ-3 వీసా ఉంది, ఒక జాతికి ప్రత్యేకమైన కళను ప్రదర్శించేవాళ్ళ కోసం. దానికి ఒప్పందాలు, ప్రదర్శనల పట్టిక, కళ ప్రత్యేకతను చెప్పే నిపుణుల లేఖలు, పాత పత్రికా కథనాలు పెట్టాలి. నట్టువాంగం చేసే గురువు గారు, మద్దెల వాయించే ఆయన ఇద్దరి ఫైళ్ళూ నర్తకి ఫైలంత పకడ్బందీగా ఉండాలి. బృందంలో మద్దెల ఆయనకు వీసా రాక, రికార్డింగుతో నాట్యం చేసి వచ్చిన సందర్భాలు నాకు తెలుసు. ఆ ఫైలు సరిగ్గా కట్టడం వచ్చినవాళ్ళకు హైదరాబాదులోనూ పని ఉంది, డల్లాస్‌లోనూ పని ఉంది.

ఇంకొక్క సంగతి చెప్పి కూర్చుంటాను. నా కారులో రెండు సంచుల నిండా కళాకారుల నెలసరి సాయం దరఖాస్తులున్నాయి. బుర్రకథ చెప్పేవాళ్ళవి, చిందు యక్షగానం వాళ్ళవి, ఇద్దరు ముగ్గురు మేకప్ కళాకారులవి. కొన్నిటికి ఆదాయం సర్టిఫికెట్ లేదు, కొన్నిటికి ఫోటో లేదు, కరపత్రాలకు సంవత్సరాలు తేల్చాలి. భోజనాలయ్యాక లైబ్రరీ వరండాలో కూర్చుంటాను. తీరిక ఉన్నవాళ్ళు గౌన్లు వాపసు ఇచ్చేసి రండి. ఒక్కొక్కరూ ఒక్కొక్క దరఖాస్తు తీసుకోండి, దాని మీదున్న ఫోన్ నంబరుకు ఈ సాయంత్రమే ఫోన్ చేసి మీ పేరు చెప్పుకోండి.