గ్యాసే అనుకున్నాను
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

డాక్టరువి కదా, ఆరోగ్యం గురించి ఐదు నిమిషాలు చెప్పమని కమిటీ వారు అడిగారు. నా సొంత కథే చెబుతాను.

నాకు 53వ ఏట రాత్రి భోజనం చేసి పడుకోగానే గుండె దడ మొదలైంది. వేరే వాళ్లకైతే వెంటనే ఈసీజీ రాసేవాణ్ని. నాకు మాత్రం గ్యాస్ అని పేరు పెట్టుకుని, రోజుకో పాంటాప్రజోల్ వేసుకున్నాను.

ఆ ఊహ పూర్తిగా తప్పేం కాదు. అన్నవాహిక గుండె ఎడమ పైగదికి సరిగ్గా వెనక నుంచే దిగుతుంది. వేగస్ అనే నరం గుండెకూ పొట్టకూ కూడా కొమ్మలు పంపుతుంది. కడుపు నిండా తింటే డయాఫ్రం పైకి జరుగుతుంది. వీటివల్ల కొందరికి గుండె ఒక దెబ్బ ముందుగా కొట్టుకుని, క్షణం ఆగినట్టనిపిస్తుంది. జర్మన్ వైద్యుడు లుడ్విగ్ రోమ్‌హెల్డ్ నూరేళ్ల కిందటే ఈ సంబంధాన్ని వివరించాడు.

అయితే నెల తిరిగేసరికి మెట్లెక్కినా దడ, ఆయాసం. మా ఆవిడ పోరి పరీక్షలకు తీసుకెళ్లింది. ఈసీజీ బాగానే ఉంది. హిమోగ్లోబిన్ మాత్రం 8. మగవాళ్లకు కనీసం 13 ఉండాలి. ఎండోస్కోపీ చేస్తే జీర్ణాశయంలో పుండు. మోకాళ్ల నొప్పికి ఏడాదిగా మింగిన మాత్రల ఫలితమది. పుండు నుంచి కొద్దికొద్దిగా రక్తం పోతుంటే, ఉన్న రక్తంతోనే ఒళ్లంతటికీ ఆక్సిజన్ అందించడానికి గుండె పరుగెత్తింది. రోజంతా ఆ పరుగు ఉన్నా, పడుకున్నాకే వినే తీరిక దొరికింది. మలం తారులా నల్లగా వస్తున్నా నేను పట్టించుకోలేదు. అంటే కారణం పొట్టలోనే ఉంది, కానీ గ్యాస్ కాదు.

అందుకని మీకు నాలుగు మాటలు. కొత్తగా దడ వస్తే ముందు ఈసీజీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్, పొటాషియం చూపించుకోండి. నెలసరి ఆగే వయసులోని అక్కచెల్లెళ్లు కూడా, వయసు ప్రభావమే అనుకుని వదిలేయకండి. గ్యాస్ మాత్రలు ఏళ్ల తరబడి సొంతంగా వాడకండి. పాంటాప్రజోల్ వల్ల మెగ్నీషియం తగ్గవచ్చు, దానితో కలిపి ఇచ్చే డోంపెరిడోన్ వల్ల గుండె లయ తప్పవచ్చు, రెండూ దడకు దారితీసేవే. దడతో పాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే సోడా తాగుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

పరీక్షలన్నీ బాగుంటే అప్పుడు గ్యాస్ సంగతి చూద్దాం. రాత్రి తక్కువ తిని, తిన్న మూడు గంటలకు పడుకుని, కాఫీలు తగ్గిస్తే చాలామందికి నెమ్మదిస్తుంది.

స్టెప్పులు రాయకుండా జవాబు రాస్తే మన లెక్కల మాస్టారు సున్నా వేసేవారు. డాక్టరునై ఉండి నేను చేసిన తప్పు అదే. మీరు చేయకండి.

సెలవు. విందులో బూరెలున్నాయట, రెండింటితో ఆపండి!