పాత తరిమెన మరల తిరిగిన కథ
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సాహిత్యమును గూర్చి మాటలాడదగిన పెద్దలు ఈ వేదికపై పెక్కుమంది యున్నారు. కార్యదర్శిగారు మాత్రము నన్ను పిలిచి, "మీ పశువుల కొట్టములోని యంత్రమును గూర్చి చెప్పుడు" అనిరి. ఇనుము మాట తప్ప వేరు మాట నాకు రాదని వారెరుగుదురు. ఆ యంత్రము మరల తిరుగుటకు మన గ్రంథాలయములోని ఒక పుస్తకము కారణమైనదనియు వారెరుగుదురు.

ఆ యంత్రమును లేతు అందుము. దీనికి తరిమెన యను తెలుగుమాట పూర్వమునుండియు కలదు. ఏటికొప్పాక లక్కబొమ్మలు అంకుడుకర్రను తరిమెన పట్టి చేయునవే గదా! ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. అయితే కొయ్య తరిమెనలో ఉలి పనివాని చేతిలో నుండును. ఇనుమును చెక్కు లేతులో పనిముట్టును ఒక జారుబండి పట్టుకొనును; ఆ బండి పోతఇనుప పట్టాలపై నడచును. ఈ పట్టాల దిమ్మెనే పనివారు బెడ్డు అందురు. 1800 ప్రాంతమున లండను నగరమున హెన్రీ మాడ్స్లే యను నతడు జారుబండిని, పొడవైన మరకడ్డీని, మార్చుకొనదగిన పళ్లచక్రములను ఒక్క యంత్రమున చక్కగా కూర్చి, ఒకదాని కొకటి సరిపోవు మరలు కోయుటకు దారి చూపెను. అట్టి లేతులో బెడ్డు తిన్నగా నున్నచో పని తిన్నగా వచ్చును; లేనిచో ఎంతటి నేర్పరియు ఏమియు చేయలేడు. నా కష్టమంతయు ఈ ఒక్క మాట సరిగా గ్రహింపకపోవుటవలననే కలిగినది.

నా లేతు ఒకప్పుడు రోడ్డుప్రక్కన ఆయిలింజన్లు బాగుచేసిన మేస్త్రీగారిది. మన పొలముల పంపు షాఫ్టులు, చెరకు గానుగల బుష్షులు దానిమీదనే తయారైనవి. ఆయన గతించిన పిమ్మట అంగడి మూతబడెను. లేతు వేపచెట్టు క్రింద కొన్ని వానకాలములు తడిసెను. పాత ఇనుము కొనువాడు దానిని తూకము వేయుచుండగా నేను చూచి, ఆ తూకము లెక్కకే కొంటిని. పేరుపలక ఊడిపోయినది. ఎక్కడ పోతపోసిరో నేటికిని నాకు తెలియదు.

శుభ్రపరచుటలో పెద్ద విద్య లేదు, ఓపిక చాలును. పట్టిన మరలను సుత్తితో కొట్టక, డీజిలు పోసి రాత్రంతయు నాననిచ్చితిని. ఏ భాగమును విప్పినను ముందుగా సెల్‌ఫోనుతో బొమ్మ తీసికొంటిని. చిన్న భాగములను చాకలిసోడా నీటిలో నుంచి, బ్యాటరీ చార్జరు ఋణధ్రువమునకు తగిలించి, ధనధ్రువమునకు పనికిరాని ఇనుప రేకును తగిలించితిని. మరునాటికి తుప్పు మెత్తబడి బ్రష్షుకు ఊడివచ్చెను. ఇది చేయదలచినవారికి రెండు హెచ్చరికలు: ఆ నీటినుండి హైడ్రోజను పుట్టును గనుక ఆరుబయట చేయవలెను, స్టెయిన్‌లెస్ స్టీలు ముక్కను అందులో ముంచినచో విషము పుట్టును. పాత రంగులో సీసముండుట కలదు. దానిని పొడిగా గీకరాదు, పిల్లలను దరి చేరనీయరాదు.

ఇక తప్పు సంగతి. లేతును కొట్టములోని సిమెంటు గచ్చుపై నిలిపి, నాలుగు మూలలను బోల్టులతో గట్టిగా బిగించితిని. ఒకటిన్నర అంగుళము లావు కడ్డీని చక్కులో పట్టి, ఆరంగుళములు బయటికుంచి, పలుచగా చెక్కి, రెండు కొనలను మైక్రోమీటరుతో కొలిచితిని. (సన్నని కడ్డీ కోతకు వంగి మోసగించును, అందుకే లావుది.) బయటి కొన నాలుగు థౌలు లావుగా నుండెను. అంగుళములో వేయవ వంతును పనివారు థౌ అందురు. బేరింగు అరిగినదని నిశ్చయించుకొని, దాని మూతక్రింది పలుచని రేకులు తీసివేసి బిగించితిని. పావుగంట తిరుగునప్పటికి బేరింగు చేయి పెట్టరానంత కాలినది. విప్పి చూడగా గన్‌మెటలుపై గీత పడియున్నది! అన్ని వానలకు ఓర్చిన దానిని నా తొందర ఒక్క సాయంకాలమున గాయపరచినది.

ఆ రాత్రి ఇంట నుండలేక ఇచ్చటికి వచ్చితిని. చివరి బీరువాలో అట్ట ఊడిన ఆంగ్ల పుస్తకమొకటి దొరకినది. అందులో నున్న విషయమును మన మాటలలో చెప్పెదను. నాలుగు కోళ్లలో ఒకటి పొట్టిదైన నులకమంచముపై కూర్చున్నచో పట్టెలు మెలిపడును గదా! పోతఇనుప బెడ్డును అట్లే. ఒక మూల క్రింద సందుండగా బోల్టు బిగించినచో బెడ్డు మెలిపడును. పనిముట్టు మొన బెడ్డుకు ఎంతో ఎత్తున నుండుటచే ఆ చిన్న మెలికయే మొనను అడ్డముగా జరుపును. అడ్డపు తప్పు వ్యాసములో రెట్టింపగును. బెడ్డు అరిగి మొన నిలువుగా క్రిందికి దిగుట అంత హాని చేయదు. అంగుళము లావు కడ్డీకి ఆరు థౌలు దిగినను వ్యాసములో వచ్చు తేడా థౌలో పదవ వంతైనను కాదు. చక్కు దగ్గర అరుగుదలను చూచి నేను పెట్టుకొన్న బెంగ వ్యర్థము.

మరునాడు బోల్టులు వదులు చేయగా ఒక మూల క్రింద పోస్టుకార్డు దూరినది. ఇత్తడి రేకులు పెట్టి, చెక్కి కొలిచి, మరల రేకులు మార్చి, మూడు దినములు గడపితిని. తేడా అర థౌకు దిగినది. బేరింగు రేకులను యథాస్థానమున నుంచితిని. గీత మాత్రము అట్లే యున్నది. ఇప్పటికిని ఆ బేరింగునకు ఇతర భాగములకంటె నూనె ఎక్కువ కావలెను.

ఇంకొక చిక్కు. ఈ లేతు మరకడ్డీ అంగుళమునకు 4 చుట్లది. మన దేశము 1956 చట్టముతో మెట్రిక్ కొలతలకు మరలినది; నేటి బోల్టులు మిల్లీమీటర్లవి. అంగుళమనగా 25.4 మిల్లీమీటర్లు; దానిని అయిదింట గుణించిన 127. కావున 127 పళ్ల చక్రమొకటి యున్నచో పాత లేతు క్రొత్త మరలను కోయును. చక్కు వైపున 40 పళ్ల చక్రము, మరకడ్డీకి 127 పళ్లది తగిలించిన 2 మిల్లీమీటర్ల మర వచ్చును. నడుమ నుండు చక్రమునకు ఎన్ని పళ్లున్నను లెక్క మారదు. ఈ లెక్కలు నోటికి వచ్చువరకు నేను రెండు కడ్డీలను పాడుచేసితిని.

ఆ పుస్తకమునకు అట్ట కట్టించి తిరిగి ఇచ్చితిని. పళ్లచక్రముల పట్టికను, బెడ్డు మెలిక దీయు విధమును తెలుగున ఒక నోటుపుస్తకమున వ్రాసి ఈ దినము కార్యదర్శిగారి చేతికిచ్చుచున్నాను. తప్పులు కనిపించినచో ప్రక్కన పెన్సిలుతో దిద్దుడు.

శనివారము మధ్యాహ్నము మా కొట్టము తలుపు తీసియే యుండును. పంపు బుష్షు పనియున్నవారును, ఊరక చూడగోరువారును రావచ్చును. తిరుగుచున్న చక్కు బట్టను పట్టినచో విడువదు. కండువాలు ఇంటివద్దనే యుంచి రండు.