ఉత్తరం అడుగున మన పేరు



1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి డర్బను చేరింది. ఆ వెనుక వచ్చిన ఓడలలో దిగిన మన పెద్దల పేర్లను గుమాస్తాలు తమకు వినబడినట్లు వ్రాసుకొన్నారు. 'నాయుడు' 'నాయిడూ' అయింది. అదే మనకు మిగిలింది.

నేడు మన ఈమెయిలు అడుగున పేరు దానంతట అదే పడేటట్లు ఒక్కసారి అమర్చుకొనవచ్చును. కంప్యూటరులో జీమెయిల్ సెట్టింగ్స్ అన్నీ తెరచి, జనరల్‌లో సిగ్నేచర్ అనుచోట ఇంగ్లీషు పేరు, దాని క్రింద తెలుగు పేరు వ్రాసి, చివర సేవ్ చేంజెస్ నొక్కాలి. 1991 నుండి యూనికోడ్‌లో తెలుగు ఉన్నది గనుక అవతలివారికీ మన అక్షరాలే కనబడతాయి.

ఒత్తు తప్పుతుందని సిగ్గుపడవద్దు. సాయంకాలం తరగతికి తెస్తే కలిసి దిద్దుకొందాము. గుమాస్తా వ్రాసిన పేరు పాస్‌పోర్టులో ఉండనిద్దాము. మన పేరు మనమే వ్రాసుకొందాము.