ఇంటికొక ఆరోగ్యపు చిట్టా

(చింతాద్రిపేటలో జరిగిన మన సంఘ కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మేము వైద్యులము కాము. మెట్రిక్యులేషను వరకు చదివి, ఆ పిదప అంగడిలో కూర్చున్నవారము. రోగములను గూర్చి బోధించు అధికారము మాకు లేదు. ఐనను కాగితములను గూర్చియు, తేదీలను గూర్చియు, పేర్లను గూర్చియు చెప్పుటకు వర్తకులకు కొంత అనుభవము ఉండును. కార్యవర్గమువారు ఈ పూట మమ్ము మాట్లాడుమని కోరినది ఆ విషయముననే. కరోనా కాలమున మన కుటుంబములకు కలిగిన కష్టములలో రోగము తెచ్చినవి కొన్ని, సరియైన కాగితము లేకపోవుటచే వచ్చినవి కొన్ని. మొదటివానికి చికిత్స వైద్యులు చేయవలెను. రెండవవానికి చికిత్స మన యిండ్లలోనే ఉన్నదని మనవి చేయుటకు నిలుచున్నాము.

మన తాతల చేతులమీద మశూచి టీకా మచ్చలు ఉండెడివి. మనలో పెక్కుమంది చేతిమీద బి.సి.జి. మచ్చ నేటికిని ఉన్నది. ఈ రెండు టీకాలకును మన ఊరికిని సంబంధము కలదు. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటువారు మశూచి టీకా మందును తయారుచేసి పంపెడివారు. 1948లో అదే గిండీలో బి.సి.జి. మందు తయారుచేయు ప్రయోగశాల ఏర్పడినది. 1975 మే నెల తరువాత మన దేశమున మశూచి పుట్టలేదు. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ఆ వ్యాధి లోకమంతటను తొలగినదని ప్రకటించిరి. ఆ దినములలో ఓడయెక్కి పరదేశము పోవువారు టీకా పత్రము చూపవలసి యుండెడిది. తక్కినవారికి చేతిమీది మచ్చయే పత్రము. దానిలో పేరు తప్పు పడదు. అది పెట్టెలో చెదలు పట్టదు. 2021లో మనకు వేసిన టీకా మచ్చను మిగుల్పలేదు. దాని జాడ యంతయు ఒక సెల్‌ఫోనులోను, ఒక కాగితములోను, ఆ కాగితముపై ఎవరో వ్రాసిన పేరులోను ఉన్నది. చిక్కులు అక్కడనే మొదలైనవి.

మొదటి చిక్కు పేరు. 1734లో నేతగాండ్ర కొరకు ఏర్పడిన ఈ పేటలో మన కుటుంబములు తరతరములుగా కాపురమున్నవి. ఇంట తెలుగు మాటాడుదుము. బడిలోను, కచేరీలలోను తమిళమును ఇంగ్లీషును వాడుదుము. తమిళ లిపిలో క గ లకు ఒకటే అక్షరము, త ద లకు ఒకటే, ప బ లకు ఒకటే. కావున బాలయ్య యను పేరును తమిళమున వ్రాసి, దానిని చూచి మరల ఇంగ్లీషున వ్రాసినచో పాలయ్య యగును. దానయ్య తానయ్య యగును. ఇది ఎవరి దోషమును కాదు, లిపి స్వభావము. దీనికి తోడు ఇంటిపేరు ఒకటి. మన పెద్దలు ఇంటిపేరు మొదటి అక్షరమును పేరునకు ముందు పెట్టుకొనిరి. ఇచ్చటి బడులలో తండ్రి పేరు మొదటి అక్షరమును పెట్టుట ఆచారము. అందుచే ఒకే యింట తాతకు ఒక అక్షరము, తండ్రికి రెండు, మనుమనికి వేరొకటి. రేషను కార్డులో ఒక రూపము, ఆధార్ కార్డులో ఒక రూపము, అక్షరమును విప్పి పూర్తిగా వ్రాసిన పాస్‌పోర్టులో మరియొక రూపము.

ఈ భేదములు ఇంతకాలము మనలను బాధింపలేదు. పోస్టు జవాను మనలను ఎరుగును; బ్యాంకు గుమాస్తా మనలను ఎరుగును. కాని 2021 జనవరి 16వ తేదీన దేశమున కరోనా టీకాలు వేయుట ప్రారంభమై, మార్చి 1వ తేదీన అరువది యేండ్లు దాటినవారికిని, మే 1వ తేదీ నుండి పదునెనిమిదేండ్లు దాటినవారికిని విస్తరించినపుడు, లెక్క యంతయు కోవిన్ అను ఒకే పట్టికలో చేరినది. ఆ పట్టిక మనలను ఎరుగదు. ఏ గుర్తింపు కార్డు చూపితిమో ఆ కార్డులోని పేరే దానికి తెలియును. మొదటి సూదికి ఆధార్, రెండవ సూదికి వేరొక కార్డు చూపినవారు దానికి ఇద్దరు మనుష్యులు. అట్టివారికి మొదటి సూది పత్రములు రెండు వచ్చినవి కాని, రెండు సూదులును పూర్తియైన పత్రము రాలేదు. పేరు, పుట్టిన సంవత్సరము మొదలగువానిని దిద్దుకొనుటకు 2021 జూన్‌లో అవకాశము కల్పించిరి. తొందరపడి దిద్దినవారికి రెండవ తప్పును దిద్దుట మొదటిదానికంటె కష్టమైనది.

రెండవ చిక్కు ఫోను. ఒక ఫోను సంఖ్యపై నలుగురి పేర్లు నమోదు చేయుటకు తొలుత వీలుండెను. 2022 జనవరిలో ఆరుగురికి పెంచిరి. మన అంగళ్లలో యజమాని ఫోనుపై పనివారిని నమోదు చేయించిన చోట్లు ఎన్నియో కలవు. మంచి యుద్దేశముతోనే చేసిరి. మా వీధిలోని ఒక అంగడిలో శ్రీకాకుళము జిల్లా నుండి వచ్చిన కుర్రవాడు ఒకడు ఉండెను. మొదటి సూది ఇచ్చట వేయించుకొని, ఊరికి పోయి, రెండవది అచ్చట తన ఫోనుపై వేయించుకొనెను. తరువాత పరదేశమున పని కుదిరినపుడు పూర్తి పత్రము కావలసి వచ్చినది. పత్రము తెరచుటకు ఓ.టి.పి. అంకెలు ఇచ్చటి అంగడి ఫోనునకు వచ్చును. ఆ ఫోను సంఖ్యను యజమాని అప్పటికే మార్చినాడు. ఆ పిల్లవాడు రెండు మాసములు తిరిగి, పని చేజారుచుండగా పత్రము సంపాదించెను. రెండు సూదులును అతని శరీరమున ఉన్నవి. కాగితమునకు మాత్రము అవి ఒక్కటిగా కనబడలేదు.

మూడవది తేదీలు. కోవిషీల్డు రెండు సూదుల నడుమ గడువును మొదట నాలుగు వారములనిరి. 2021 మార్చిలో ఆరు నుండి ఎనిమిది వారములనిరి. మే నెలలో పండ్రెండు నుండి పదునారు వారములకు పెంచిరి. విదేశము పోవలసినవారికి ఇరువది యెనిమిది దినములకే అనుమతించిరి. తేదీని వ్రాసికొనని ముసలివారు ఎప్పుడు పోవలెనో తెలియక టీకా కేంద్రమునకు పోయి తిరిగివచ్చిరి. హైదరాబాదున భారత్ బయోటెక్కువారు చేసిన కోవాక్సిన్ మన తెలుగు నేల మందు. అది వేయించుకొనినవారు కొన్ని దేశములకు పోవుటకు 2021 నవంబరు 3వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదము వచ్చువరకు ఆగవలసి వచ్చినది. ఏ మందో, ఏ దినమో, ఏ కేంద్రమో వ్రాసి యుంచుకొనినవారికి ఇట్టి సమయములలో తడబాటు తక్కువ.

ఇక టీకాకు ముందటి సంగతి. ఇది మరింత సున్నితమైనది.

2020 జనవరి, ఫిబ్రవరి మాసములలో పెండ్లిండ్లకును, తిరుమల యాత్రకును పోయివచ్చి, జ్వరముతో పొడిదగ్గుతో రెండు వారములు పడకవేసినవారు మన యిండ్లలో ఉన్నారు. "మాకు అప్పుడే కరోనా వచ్చిపోయినది" అని వారు నేటికిని చెప్పుచుందురు. అది నిజమా? మన దేశమున మొదటి రోగి కేరళములో 2020 జనవరి 30న తేలెను. తమిళనాట మొదటి రోగి మార్చి 7న తేలెను. ఆ దినములలో విదేశము నుండి వచ్చినవారికిని, వారితో మెలగినవారికిని మాత్రమే పరీక్ష చేసెడివారు. ఊపిరి అందక ఆస్పత్రిలో చేరినవారికెల్ల పరీక్ష చేయవలెనను నియమము మార్చి 20న వచ్చినది. వాసన తెలియకపోవుటను రోగలక్షణములలో చేర్చినది జూన్ 13న. కావున ఆ కాలపు జ్వరము కరోనా కాదని ఎవరును చెప్పజాలరు. అవునని చెప్పుటకును ఆధారము లేదు. ఆ ఋతువున ఇతర జ్వరములును ఊరిలో ఉండెను. తరువాత టీకాలు పడినవి, రోగమును పలుమార్లు వచ్చినది. నేడు రక్తము పరీక్షించినను ఆనాటి జ్వరమేదో తేలదు.

అట్లని ఆ సందేహమును నవ్వి త్రోసివేయరాదు. 2020 జూలైలో చెన్నై కార్పొరేషనువారు రక్తములు పరీక్షింపగా నూటికి 21 మందికి పైగా అప్పటికే రోగము సోకిన గుర్తు కనబడినది. అక్టోబరునకు అది నూటికి 32 అయినది. 2011 జనాభా లెక్క ప్రకారము విస్తరించిన నగరమున 67 లక్షల మంది ఉన్నారు. అందు అయిదవ వంతు పదమూడు లక్షలు దాటును. ఐతే జూలై కడపటికి పరీక్షలో తేలి లెక్కకెక్కినవారు సుమారు ఒక లక్ష మాత్రమే. రోగము వచ్చిపోయినను కాగితమున లేనివారే అత్యధికులు.

ఇట్టి సంగతి ఈ రేవుపట్టణమునకు క్రొత్త కాదు. 1957 మే నెలలో సింగపూరు నుండి వచ్చిన రాజులా ఓడలో జ్వరపీడితులు దిగిరి. ఏషియా ఫ్లూ అను ఇన్‌ఫ్లుయంజా ఆ విధముగా మదరాసున అడుగుపెట్టి దేశమంతట వ్యాపించినది. మరుసటి ఫిబ్రవరి వరకు లెక్కకెక్కినవారే నలుబదినాలుగు లక్షలు దాటిరి. ఆ యేట మన యిండ్లలో ఎవరు పడకవేసిరి, ఎవరు పోయిరి అని నేడు అడిగిన చెప్పగలవారు ఎందరు? అదే సంవత్సరపు బాకీలను వ్రాసిన ఆవర్జాలు మాత్రము కొన్ని కుటుంబముల అటకలమీద నేటికిని భద్రముగా ఉన్నవి.

కాగితము లేకపోవుటచే పోయినది కేవలము జ్ఞాపకమేయైనచో మేము ఇంత చెప్పము. సుప్రీముకోర్టువారి ఉత్తరువు ననుసరించి కరోనాచే మరణించినవారి కుటుంబములకు 50,000 రూపాయల సహాయము ఏర్పాటయినది. 2021 అక్టోబరులో న్యాయస్థానము ఆ పద్ధతిని ఆమోదించినది. రోగము ఉన్నదని పరీక్షలో తేలినట్లో, ఆస్పత్రిలో వైద్యుడు నిర్ధారించినట్లో కాగితము చూపవలెను. తేలిన ముప్పది దినములలోపు మరణమును దీనిక్రింద లెక్కించిరి. మన పేటలో ఒక అమ్మగారి భర్త 2020 వేసవిలో ఇంటనే ఊపిరాడక పోయినారు. పరీక్ష జరుగలేదు. వీధి వైద్యుని చీటీని మరణానంతరము ఇల్లు శుభ్రపరచుచు పారవేసిరి. ఆమె దరఖాస్తు తిరిగివచ్చినది. ఆమె మాతో అనినది ఇంతమాత్రమే: "డబ్బు మాట అటుండనిండు, అన్నా. ఆయన ఏ రోగముతో పోయిరో పిల్లలకు ఏమని చెప్పుదును?" దీనికి మావద్ద ప్రత్యుత్తరము లేకపోయినది. ఆ చీటీ ఉండినను దరఖాస్తు నెగ్గునని మేము చెప్పము. ఐనను పిల్లలకు చూపుటకు ఒక తేదీయు, ఒక వైద్యుని చేవ్రాలును మిగిలి యుండెడివి.

కావున మా మనవి ఇది. మనలో వర్తకులు దినమునకు చిట్టా వ్రాయుదురు. చిట్టానుండి ఆవర్జాకు ఎక్కింతురు. అదే క్రమమున ప్రతి కుటుంబమును ఒక ఆరోగ్యపు చిట్టా పెట్టవలెను. గట్టి అట్టగల నోటుపుస్తకము ఒకటి చాలును. మనిషికి నాలుగు పుటలు విడువుడు. మొదటి పుటలో ఆ మనిషి పేరు ఆధార్‌లో ఎట్లున్నదో, పాస్‌పోర్టులో ఎట్లున్నదో, బడి పత్రములో ఎట్లున్నదో, అక్షరము అక్షరముగా దింపుడు. రెండవ పుటలో టీకాలు: తేదీ, మందు పేరు, పత్రములోని బ్యాచి సంఖ్య, కేంద్రము, ఏ ఫోను సంఖ్యపై నమోదైనదో అదియు. మూడవ పుటలో జబ్బులు: ఏనాడు ఆరంభము, ఏమి లక్షణములు, ఏ వైద్యుడు చూచినాడు, ఏ పరీక్ష చేసిరి, ఏమి తేలినది. పరీక్ష జరుగనిచో "పరీక్ష జరుగలేదు" అని వ్రాయుడు. కరోనా యని అనుమానించినచో "అనుమానము" అని వ్రాయుడు, "కరోనా" అని వ్రాయకుడు. రాని బాకీని వచ్చినట్లు జమకట్టుట ఎట్టిదో, తెలియని రోగమును తెలిసినట్లు వ్రాయుట అట్టిదే. నాలుగవ పుటను ముందు రాబోవువాని కొరకు ఉంచుడు.

పసిపిల్లల తల్లులకు వేరుగా ఒక మాట. ఆస్పత్రివారు ఇచ్చు టీకా కార్డునకును, గర్భిణిగా నమోదైనపుడు ఇచ్చు పిక్మి సంఖ్యకును నకళ్లు తీసి చిట్టాలో అతికింపుడు. ఆ సంఖ్య జనన పత్రమునకు కావలెను. మరియొక సూచన: పరీక్షాశాలల రసీదులు కొన్ని వేడికి అచ్చుపడు కాగితముపై వచ్చును. అంగడి బిల్లులవలెనే అవి రెండు మూడేండ్లలో వెలిసిపోవును. వెంటనే నకలు తీయుడు. చిట్టా ఉన్న చోటు ఇంటి యిల్లాలికిని, ఎదిగిన పిల్లలకును తెలియవలెను. యజమాని ఒక్కనికే తెలిసిన తాళపుచెవి, ఆ యజమానియే జబ్బుపడిన దినమున పనికిరాదు.

పనివారి కాగితములు మీ ఫోనులలో ఉన్నచో, వారు ఊరు మారకమునుపే అచ్చువేసి వారి చేతికిండు. మీరు ఫోను సంఖ్య మార్చునపుడు దానిపై ఎవరెవరి పత్రములున్నవో ముందు చూచుకొనుడు.

రాబోవు ఆదివారము మొదలుకొని నాలుగు ఆదివారములు, ఉదయము పది గంటల నుండి మధ్యాహ్నము వరకు, సంఘ కార్యస్థానమున మన యువకులు నలుగురు కూర్చుందురు. ఉన్న కాగితములు ఎట్లున్న అట్లు తెండు. పేర్లు సరిపోల్చుటకును, చిట్టాలో ఎక్కించుటకును వారు తోడ్పడుదురు. ఎవరి ఆధార్ సంఖ్యగాని, రోగవివరముగాని సంఘమువారు తమవద్ద ఉంచుకొనరు. మన పత్రికలో ప్రకటింపరు. చదువురాని పెద్దలకు ఇంటికే వచ్చి వ్రాసియిచ్చుటకు ఇరువురు సోదరీమణులు అంగీకరించిరి. ఈ పనిని ప్రతి వీధినుండి ఒక కుటుంబము ముందుగా ప్రారంభించినచో తక్కినవారు వెంట వత్తురు.