వెన్న తీసిన రుచులు

భోజనమును గూర్చి మాటలాడువారు మనలో రెండు తెగలుగా నుందురు. నెయ్యి లేనిదే ముద్ద గొంతు దిగదనువారొక తెగ; నెయ్యి పేరు విన్నంతనే గుండెమీద చేయి వేసికొనువారు వేఱొక తెగ. నేనీ రెండు తెగలలో దేని పక్షమునను వకాల్తా పుచ్చుకొని రాలేదు. ఒక ఆదివారమునాడు మా అక్కగారి యింట కొవ్వు తీసిన పదార్థములను, తీయనివానిని ప్రక్కప్రక్కన బెట్టి, ఏది యేదో తెలియకుండ రుచి చూచితిమి. ఆ ముచ్చటను మీకు విన్నవింపవలెనని నా కోరిక.

మా అక్క కాపురముండునది బాటసింగారము. దిల్‌సుఖ్‌నగరు, ఎల్బీ నగరు, హయత్‌నగరు దాటి విజయవాడకు బోవు రహదారి ప్రక్కన నున్న గ్రామమది. గడ్డిఅన్నారమునందలి పండ్ల మార్కెటు 2022లో అచటికి తరలిన పిదప, వేసవి వచ్చిన దన్న సంగతి మామిడికాయల లారీలే ఆ ఊరివారికి తెలుపుచున్నవి. రెండేండ్ల క్రిందట మా బావకు గుండెజబ్బు చేసెను. వైద్యులు ప్రాణము నిలిపి, కొవ్వు తగ్గించి తినుమని చెప్పి యింటికి పంపిరి. "తగ్గించుట" యను మాటను మా అక్క "మానుట" యని గ్రహించెను. నూనెసీసా అటకెక్కెను. పోపు లేని పప్పు, నీళ్లవంటి పెరుగు, ఉడుకబెట్టిన కూరలు విస్తరిలోనికి వచ్చెను. ఆమె చేసినదంతయు భర్త మీది ప్రేమచేతనే గదా!

ఆరు నెలలు గడచెను. బావ సగమన్నమైనను తినక లేచిపోవుచుండెను. ఒకనాడు రహదారి ప్రక్కన బండివద్ద మిరపకాయ బజ్జీలు తినుచు నాకే పట్టుబడెను. నన్ను చూచి సిగ్గుపడి, "బామ్మర్దీ, మీ అక్కకు చెప్పకు. ఇంట్ల తిండి నోట్లకు పోతలేదు" అనెను. మరల మరల కాచిన ఆ నూనె ఆయన గుండెకు పప్పులోని పోపుకంటె ఎన్ని రెట్లు కీడు చేయునో చెప్ప నక్కఱలేదు. ఇంటివంటలో మిక్కిలి నిష్ఠ పాటించుటచేతనే ఆయన వీధివంటకు దాసుడయ్యెను. ఇది చూచిన పిమ్మటనే నాకు ఈ పరీక్ష జరుపవలెనని తోచెను.

పరీక్షకు పెద్దరికము వహించినది మా అక్క కోడలు. పదార్థములన్నియు నామెయే సిద్ధపఱచి, గిన్నెలమీద అంకెలు మాత్రము వేసి, రహస్యము తనయొద్దనే యుంచుకొనెను. రుచి చూచినవారము బావ, అక్క, వారి కుమారుడు, నేను, నలుగురము. ఒక్కొక్క పదార్థమునకు మూడు గిన్నెలు పెట్టబడెను. రెండింట నొకే సరకు, మూడవదానియందు వేఱొకటి. వేఱైన దేదియో కనిపెట్టవలెను. ఊహతో చెప్పువానికి సైతము మూడింట నొకమారు ఒప్పగును; కనుక ప్రతి పదార్థమునకును మూడుమార్లు గిన్నెల వరుస మార్చి యిచ్చిరి. నడుమ మంచినీటితో నోరు పుక్కిలించుకొంటిమి.

మొదట పాలు. మన అంగళ్లలో దొరకు పాలకు చట్టము కొలత లేర్పఱచినది. ఫుల్ క్రీము పాలలో వెన్న నూటికి 6 పాళ్లకు తగ్గరాదు. స్టాండర్డు పాలలో 4.5, టోన్డు పాలలో 3, డబుల్ టోన్డు పాలలో 1.5 పాళ్లుండవలెను. వెన్న తీసిన పాలలో అరపాలుకు మించరాదు. ఈ టోన్డు పాలను 1946లో బొంబాయిలో దారా ఖురోడీగారు ప్రవేశపెట్టిరి. చిక్కని గేదెపాలలో వెన్న తీసిన పాలపొడియు నీళ్లును కలిపి, ఉన్న పాలను ఎక్కువమందికి అందించుట ఆయన యుద్దేశము. నాడు పేదలకు పాలు చాలుటకై పుట్టినది నేడు కలవారికి కొవ్వు తగ్గుటకై ఉపకరించుచున్నది.

వట్టి పాలు త్రాగినప్పుడు ఫుల్ క్రీమునకును డబుల్ టోన్డునకును గల భేదమును నలుగురమును కనిపెట్టితిమి. టీలో కలిపి యిచ్చినప్పుడు మాత్రము నలుగురిలో మా అక్క యొక్కతెయే గుర్తించెను. రెండువందల మిల్లీలీటర్ల గ్లాసు ఫుల్ క్రీము పాలలో రమారమి 12 గ్రాముల కొవ్వు, డబుల్ టోన్డు పాలలో 3 గ్రాములు నుండును. అనగా గ్లాసుకు 9 గ్రాములు, రెండు చిన్న చెంచాల నేతికి సమానము, నాలుక యెఱుగకుండనే తగ్గినవి. మాంసకృత్తులును సున్నమును అట్లే యున్నవి. ఇంత సులభమైన లాభము మఱి యే పదార్థమునందును మాకు కనబడలేదు.

పెరుగు వద్ద చిక్కు వచ్చెను. వెన్న తీసిన పాలతో తోడుపెట్టిన పెరుగును నోటబెట్టి, "ఇది పెరుగా, సున్నపు తేటనా?" అని బావ ముఖము చిట్లించెను. కోడలు నవ్వి, రెండవ గిన్నె నిచ్చెను. అవియే పాలు, కాని చాలసేపు మరిగించి, చెంచాడు పాలపొడి కలిపి తోడుపెట్టినవి. పెరుగు గట్టిపడుటకు వెన్న యొక్కటియే కారణము గాదు. బాగుగ కాగిన పాలలోని మాంసకృత్తులు పట్టు గట్టిగ పట్టును. ఈ పెరుగును బావ రెండుమార్లు వేయించుకొనెను.

పన్నీరు సంగతి వేఱు. తేమ పోగా మిగిలిన సరకులో మామూలు పన్నీరున సగమైనను వెన్న యుండవలెను. కొవ్వు తగ్గించినదానియందు నూటికి 15 పాళ్లకు మించరాదు. ముక్కలుగా తిన్నప్పుడు ఈ రెండవది రబ్బరువలె సాగెను. చిదిపి పాలకూరలో కలిపినప్పుడు దాని లోపమును ఎవ్వరును పట్టలేకపోయిరి.

ఇంత భేద మేల కలుగును? పరిమళ మిచ్చు పదార్థములలో పెక్కు కొవ్వునందే కరగును. కొవ్వు నాలుకమీద పొరవలె పఱచుకొని రుచిని కొంతసేపు నిలుపును. అది లేనప్పుడు రుచి మెఱపువలె వచ్చి పోవును. అందుచేతనే కొవ్వు తీసిన బిస్కత్తులలోను, ఐసుక్రీములలోను ఆ వెలితిని చక్కెరతో పూడ్చుట పరిపాటి. అమెరికాలో 1992లో స్నాక్‌వెల్స్ అను కొవ్వులేని బిస్కత్తులు వెలసెను. కొవ్వు లేదను ధైర్యముతో జనులు పెట్టెలకు పెట్టెలు తిని, మొత్తముమీద ఎక్కువ భుజించిరను అపకీర్తి వానికి కలిగెను. 1996లో అచటి ప్రభుత్వము ఓలెస్ట్రా యను జీర్ణము గాని కొవ్వును చిరుతిండ్లలో వాడుట కనుమతించుచు, కడుపునొప్పి కలుగవచ్చునని పొట్లముమీద హెచ్చరిక ముద్రింపజేసెను.

పొట్లముమీది మాటలకు మన చట్టమును అర్థము నిర్ణయించినది. గట్టిపదార్థము నూరు గ్రాములకు 3 గ్రాములకు మించని కొవ్వున్నచో "తక్కువ కొవ్వు" అనవచ్చును. అర గ్రాముకు మించనిచో "కొవ్వు లేనిది" అనవచ్చును. కావున లేదన్నను కొంత యుండవచ్చును. ఆ మాటను చూచి ఆగక, క్రింద వ్రాసిన చక్కెర లెక్కను గూడ చదువవలెను.

మధ్యాహ్నము గారెలవంతు వచ్చెను. ఒక పళ్లెములో నూనెలో వేచిన గారెలు, వేఱొక పళ్లెములో అదే పిండిని గుంట పొంగనాల పెనముమీద నాలుగు చుక్కల నూనెతో కాల్చినవి. వీనిని పోల్చుటకు గిన్నెలమీద అంకెలు గూడ నక్కఱ లేకపోయెను. బావ రెండవదానిని నెమ్మదిగా నమలి, "మంచిగనే ఉన్నది. కాని గారె గాదు" అనెను. ఆ మాట నా మనసున నాటినది. గారె యని చెప్పి పెట్టినందుచేతనే అది ఓడిపోయెను. పొంగనమని చెప్పి అల్లపు పచ్చడితో పెట్టియున్నచో గెలిచి యుండెడిది.

అంతట మేము పరీక్ష త్రోవ మార్చితిమి. గొప్ప వంటకము పేరు పెట్టుకొన్న బీద వంటకములను విడిచి, పుట్టుకతోనే కొవ్వు లేని వంటకములను పిలిచితిమి. నూనెచుక్క లేని జొన్నరొట్టె వచ్చెను. పచ్చిపులుసు, నిప్పులమీద కాల్చిన అప్పడము, ఆవిరి కుడుములు వచ్చెను. కడపట చల్ల వచ్చెను. వెన్న చిలికి తీయగా మిగిలిన చల్లను మన తాతలు ఉప్పును అల్లమును వేసి త్రాగుచుండిరి. దానిని వారెవ్వరును లోటుగా భావింపలేదు. ఆ పూట బావ కడుపునిండ తినెను. చాల నెలలకు ఆయన విస్తరి ఖాళీ యగుట చూచి మా అక్క మాటలాడక లోనికి వెళ్లెను. కన్నులు తుడుచుకొనుటకే వెళ్లినదని మాకందఱకు తెలియును.

ఇక రెండు హెచ్చరికలు. ఆవకాయలో నూనె తగ్గింపవలదు. పైన తేలు నూనె గాలిని చేరనీయదు. ఆ యేడు మా అక్క తక్కువ నూనెతో పెట్టిన చిన్న జాడీ మూడు వారములకే బూజు పట్టెను. జాడీలో నూనె నుండనిచ్చి, విస్తరిలో ఆవకాయను సగము చేసికొనుట మేలు. అట్లు చేసినచో ఉప్పును సగమగును. రెండవది, కొవ్వును బొత్తిగా మానరాదు. ఏ, డి, ఈ, కె విటమినులు ఒంటబట్టుటకు కొంత కొవ్వు కావలెను. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో వెలువరించిన సూచనలలో, రెండువేల కాలరీల భోజనమునకు నూనె నేతులు దినమునకు రమారమి 27 గ్రాములని చెప్పిరి. చిన్న చెంచాతో ఆఱు చెంచాలనుకొనుడు. రోగులైనవారికి వారి వైద్యుడు చెప్పినదే కొలత.

ఆ కొలతను ఎట్లు వెచ్చింపవలెనో కడపటి పరీక్ష నేర్పినది. ఒక గిన్నె పప్పులో చెంచాడు నెయ్యి వేసి ఉడికించిరి. వేఱొక గిన్నెలో అంతే నెయ్యిని వడ్డించునప్పుడు వేడిపప్పుమీద వేసిరి. రెండవదానియందే నెయ్యి హెచ్చని నలుగురమును ఒక్కమాటగా చెప్పితిమి. నాలుకకంటె ముందుగా ముక్కే సాక్ష్య మిచ్చెను.

ఇప్పుడు మా అక్క వంటింట నూనెసీసా అటకమీదినుండి దిగినది. దానిప్రక్కన నొక చిన్న చెంచా వ్రేలాడుచున్నది. పండుగనాడు మాత్రము బావకు రెండు గారెలు, నిజమైన గారెలే, లెక్కపెట్టి వడ్డించును. మూడవదానికి ఆయన చేయి చాచిన, "మీరు బండికాడికి పోనంటేనే ఈ రెండు" అని యామె నవ్వును. ఆయనయు నవ్వి చల్ల పోయించుకొనును. శ్రోతలారా, మీ యిండ్లలో నెవరికైనను వైద్యుడు కొవ్వు తగ్గింపుమని చెప్పినచో, వారి విస్తరిని నీరసము చేయకుడు. ముందు ఒక ఆదివారము వారితో కూర్చుండి రుచి చూడుడు.