విత్తనం మూట ఎవరి చేతిలో ఉంది?
విత్తన బిల్లు, సేంద్రియ సేద్యం, స్త్రీలు

(మహిళా రైతుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను విత్తన బిల్లు గురించి మాట్లాడమన్నారు. చట్టం గురించి మాట్లాడటమంటే సెక్షన్లు చదవడమేనన్న భయం మనలో చాలామందికి ఉంది. అందుకే ముందు నా అనుభవం ఒకటి చెబుతాను.

డాక్టరేటు కోసం ఊళ్లు తిరుగుతున్న రోజుల్లో నా చేతిలో ఒక ప్రశ్నావళి ఉండేది. ‘మీ ఇంట్లో రైతు ఎవరు?’ అన్నది అందులో మొదటి ప్రశ్న. ఒక పెద్దామెను అడిగితే అరుగు మీద కూర్చున్న భర్త వైపు చెయ్యి చూపించింది. నేను రాసుకున్నాను. కాసేపటికి ఆమె లోపలి నుంచి ఒక ఈతబుట్ట తెచ్చింది. పైన పేడతో అలికి మూసేసి ఉంది. విప్పితే బూడిద, ఎండిన వేపాకు, వాటి మధ్య కందులు. ఇంకో కుండలో కొర్రలు, మరో మూటలో అనుములు. ఏ కంకి ఉంచాలో, ఎన్ని ఎండలు ఎండబెట్టాలో, ఏ చెలకకు ఏది పనికొస్తుందో గడగడా చెప్పింది. ఇదంతా మీ ఆయనకు కూడా తెలుసా అని అడిగితే నవ్వింది. ఆ విషయం రాసుకోవడానికి నా ప్రశ్నావళిలో గడి లేదు. స్త్రీల శ్రమ గురించి పరిశోధన చేస్తున్నానని చెప్పుకునే నేనే ఆ గడి పెట్టలేదు.

చట్టాలు రాసేవాళ్లు కూడా ఆ గడి పెట్టలేదు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే.

కొంచెం చరిత్ర చూద్దాం. మన దేశంలో విత్తనాల చట్టం 1966లో వచ్చింది. ప్రభుత్వం నోటిఫై చేసిన రకాలకే అది వర్తిస్తుంది. రైతు తాను పండించిన విత్తనాన్ని తన ఇంటి దగ్గరే మరొకరికి విత్తుకోవడానికి నేరుగా అమ్ముకుంటే దానికి ఆ చట్టం అడ్డు రాదని 24వ సెక్షన్‌లో రాశారు. తరువాత ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందాలు వచ్చాయి. మొక్కల రకాల మీద హక్కులు కల్పించాలని ఒత్తిడి వచ్చింది. రైతు సంఘాలు, ప్రజా సంఘాలు పోరాడిన ఫలితంగా 2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టంలో ఒక మంచి మాట చేరింది. విత్తనాన్ని దాచుకోవడానికి, విత్తుకోవడానికి, ఇచ్చిపుచ్చుకోవడానికి, అమ్ముకోవడానికి రైతుకు హక్కు ఉంది. బ్రాండు పేరుతో మాత్రం అమ్మకూడదు. 39వ సెక్షన్ చెప్పేది ఇదే.

చట్టంలో ఉన్నంత మాత్రాన హక్కు చేతికి వచ్చినట్టు కాదు. 2019లో పెప్సికో కంపెనీ తాను రిజిస్టరు చేసుకున్న బంగాళాదుంప రకాన్ని పండించారని గుజరాత్‌లో చిన్న రైతుల మీద కేసులు వేసింది. కొందరి నుంచి ఒక్కొక్కరికి కోటి రూపాయలకు పైగా నష్టపరిహారం అడిగింది. దేశమంతా నిరసన రావడంతో కేసులు వెనక్కి తీసుకుంది. 39వ సెక్షన్ ఉండగానే ఇది జరిగింది. నోటీసు వచ్చిన రోజు ఆ రైతు ఇంట్లో పొయ్యి వెలిగిందా అని మాత్రం ఎవరూ రాయలేదు.

ఇక విత్తన బిల్లు సంగతి. 2004 డిసెంబరులో రాజ్యసభలో పెట్టిన బిల్లు, రైతు అమ్మే విత్తనానికి కూడా మొలకశాతం, స్వచ్ఛత కొలతలు పెట్టింది. 2006లో పార్లమెంటు స్థాయీ సంఘం దీనికి అభ్యంతరం చెప్పింది. ఆ బిల్లు చట్టం కాలేదు. 2019లో ఇంకో ముసాయిదా వచ్చింది. 2025 నవంబరులో కేంద్ర వ్యవసాయ శాఖ మరో ముసాయిదా విడుదల చేసి, డిసెంబరు 11 లోపల అభిప్రాయాలు చెప్పమంది. ఇరవై ఏళ్లుగా ఇది మళ్లీ మళ్లీ తలుపు తడుతోంది. అందువల్ల ఏ ఒక్క ముసాయిదాకో పరిమితం కాకుండా దీని వెనక ఉన్న ఆలోచనను అర్థం చేసుకోవాలి.

2025 ముసాయిదా ప్రకారం అమ్మకానికి వచ్చే ప్రతి రకాన్నీ రిజిస్టరు చేయాలి. రైతుల రకాలకు, ఎగుమతి కోసమే పండించే వాటికి మినహాయింపు ఉంది. రిజిస్టరు కావాలంటే సాగుకు, వాడకానికి ఆ రకం విలువ ఎంతో తేల్చే పరీక్షలు నెగ్గాలి. సంచి మీద క్యూఆర్ కోడ్ ఉండాలి. పెద్ద నేరాలకు 30 లక్షల రూపాయల దాకా జరిమానా, మూడేళ్ల దాకా జైలు. రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, పంచుకోవచ్చు, బ్రాండు లేకుండా అమ్ముకోవచ్చు అని కూడా రాశారు.

వింటే బాగానే ఉంది కదా! నకిలీ విత్తనాల మీద కఠినమైన చట్టం కావాలని అడిగింది మనమే. ఆ మాట మనం మరచిపోకూడదు. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి రైతుల ఆత్మహత్యలు చూశాం. 2002లో బి.టి. పత్తికి అనుమతి ఇచ్చిన మొదటి ఏడాదే అదే జిల్లాలో పంట పోయి రైతులు రోడ్డెక్కడం చూశాం. చనిపోయిన రైతు భార్యకు మిగిలింది అప్పు ఒక్కటే. పట్టా ఆమె పేర లేదు కనుక ఆ చావు రైతు చావు అని రుజువు చేసుకోవడానికే ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. కాబట్టి నియంత్రణ వద్దని మనం అనడం లేదు. ఎవరి మీద నియంత్రణ, ఎవరికి రక్షణ అని అడుగుతున్నాం.

మొదటి ప్రశ్న. మినహాయింపు ‘రైతు’కు ఇచ్చారు. మరి సంఘానికి? జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలను చూడండి. వాళ్లలో ఎక్కువమంది దళిత స్త్రీలు. ఊరూరా విత్తన బ్యాంకులు పెట్టుకున్నారు. జొన్న, కొర్ర, సామ, తైదలు, కంది, ఉలవ, ఇలా పదుల రకాలు కాపాడారు. ఏటా సంక్రాంతి రోజుల్లో ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని పాత పంటల జాతర చేస్తారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఆ సంస్థకు వచ్చింది. ఇటువంటి విత్తన బ్యాంకులో విత్తనం తీసుకున్న స్త్రీ పంట చేతికొచ్చాక తీసుకున్నదాని కన్నా ఎక్కువ కొలిచి తిరిగి పోస్తుంది. పక్క ఊరి వాళ్లడిగితే సంఘం అమ్ముతుంది కూడా. ఇప్పుడు చెప్పండి, ఆ సంఘం రైతా, వ్యాపారా? ఒక్కొక్క స్త్రీ విడిగా పంచుకుంటే హక్కు, నలభైమంది కలిసి పంచుకుంటే లైసెన్సు లేని వ్యాపారం అవుతుందా? ముసాయిదాలో దీనికి స్పష్టమైన సమాధానం లేదు. స్పష్టత లేని చోట ఇన్‌స్పెక్టరు మాటే చట్టం.

రెండో ప్రశ్న పరీక్షల గురించి. కంపెనీ విత్తనం అన్ని గింజలూ ఒకేలా మొలవాలి, ఒకే ఎత్తు పెరగాలి, ఒకే రోజు కోతకు రావాలి. మన దేశీ విత్తనం బలమే వైవిధ్యం. ఒకే చేనులో కొన్ని ముందు పండుతాయి, కొన్ని వెనక పండుతాయి. వాన ఎగ్గొట్టినా ఎన్నో కొన్ని చేతికొస్తాయి. దిగుబడి ఒక్కటే కొలిచే పరీక్ష పశువుకు ఎంత మేత వచ్చిందో కొలవదు. కొట్టంలో కప్పుకు, పొయ్యిలోకి ఏం వచ్చిందో, బాలింతకు ఏది పెట్టవచ్చో కొలవదు. ఇవన్నీ స్త్రీలు చూసే విషయాలు. విత్తనాన్ని ఎంచడంలో స్త్రీకి ఒక శాస్త్రం ఉంది. దాన్ని అలవాటు అని తీసిపారేసి, ప్రయోగశాలలో చేస్తే మాత్రమే శాస్త్రం అనడం పితృస్వామ్యంలో పాత అలవాటే. రైతుల రకాలకు మినహాయింపు ఉంది కదా అంటారు. కానీ ప్రభుత్వ సబ్సిడీ, పంట రుణం, బీమా రిజిస్టరైన రకాలకే ఇస్తామని రేపు ఒక ఉత్తర్వు వస్తే ఆ మినహాయింపు వల్ల లాభమేమిటి?

మూడో ప్రశ్న సేంద్రియ రైతులది. రసాయనం లేని సేద్యం మొదలయ్యేది ఎరువు దగ్గర కాదు, విత్తనం దగ్గర. ఎరువుకు, నీటికి స్పందించేలా తయారుచేసిన హైబ్రిడ్, పెంటఎరువు మీద అదే ఫలితం ఇవ్వదు. సంచిలో వచ్చే విత్తనానికి ముందే మందు పట్టించి ఉంటుంది. జన్యుమార్పిడి విత్తనాన్ని సేంద్రియ ప్రమాణాలు ఒప్పుకోవు. పత్తిలో ఇప్పుడు బి.టి. కాని విత్తనం దొరకడమే కష్టం. కనుక దేశీ విత్తనం చేతులు మారడం ఆగిపోతే సేంద్రియ సేద్యం ఆగిపోయినట్టే. అప్పటి వరంగల్ జిల్లాలోని ఏనబావి ఊరు మొత్తం రసాయనాలు మానేసి, 2006లో సేంద్రియ గ్రామంగా ప్రకటించుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయం 2016 నుంచి మహిళా స్వయం సహాయక సంఘాల మీదుగానే ఊళ్లలోకి వెళ్లింది. కషాయాలు కాచింది, ఘనజీవామృతం కలిపింది, పెరట్లో విత్తనం దాచింది ఎక్కువగా స్త్రీలే. ఒక చేత్తో ప్రకృతి సేద్యం చేయమని ప్రోత్సహిస్తూ ఇంకో చేత్తో దాని విత్తనానికి అనుమానపు ముద్ర వేయడం ఎలా కుదురుతుంది? పక్క చేను నుంచి పుప్పొడి వచ్చి దేశీ విత్తనం చెడిపోతే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు కూడా జవాబు రావాలి.

నాలుగో ప్రశ్న నష్టపరిహారం, ధర. జరిమానా ఎంత పెంచినా అది ఖజానాకు పోతుంది. పంట పోయిన రైతుకు ఎవరు, ఎంత, ఎన్ని రోజుల్లో ఇవ్వాలన్న ఏర్పాటు సూటిగా లేదు. విత్తనం చెడ్డదైతే వినియోగదారుల కోర్టుకు వెళ్లవచ్చని 2012లో సుప్రీంకోర్టు, మన ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులోనే తీర్పు చెప్పింది. కానీ బిల్లు కాగితం ఎవరి పేర ఉంటే వాళ్లే అక్కడికి వెళ్లగలరు. ధర సంగతికొస్తే, 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్ దగ్గర కొట్లాడిన ఫలితంగా బి.టి. పత్తి ప్యాకెట్ ధర 750 రూపాయలకు దిగింది. 2007లో రాష్ట్రం సొంతంగా పత్తి విత్తన చట్టం చేసుకుంది. రాష్ట్రాలకున్న ఈ శక్తిని కొత్త చట్టం తగ్గించకూడదు. అత్యవసర పరిస్థితి వచ్చినప్పుడే ధర నియంత్రిస్తామంటే సరిపోదు. చిన్న రైతుకు ప్రతి ఏరువాకా అత్యవసర పరిస్థితే.

ఇప్పుడు మళ్లీ నా గడి దగ్గరకు వస్తాను. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో కమతాలలో స్త్రీలవి 14 శాతం కూడా లేవు. ఆస్తిలో కూతురికి సమాన వాటా అని ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది, దేశం 2005లో చేసింది. అయినా పాసు పుస్తకం మీద మన పేరు అరుదు. కౌలుకు చేసేవాళ్లు, పోడు చేసేవాళ్లు, ఒంటరి స్త్రీలు లెక్కలోనే లేరు. పొలం ఉన్నవాడే రైతు అయితే, విత్తనం మీద రైతుకిచ్చే హక్కు కూడా భర్త జేబులోకే పోతుంది. సేంద్రియ ధ్రువపత్రం సంగతీ అంతే. దానికి సర్వే నంబరు కావాలి, దస్తావేజు కావాలి. పని ఆమెది, పత్రం ఆయనది. ఎం.ఎస్. స్వామినాథన్ గారు రాజ్యసభలో మహిళా రైతుల హక్కుల బిల్లు పెట్టారు. భూమి ఉన్నా లేకపోయినా సేద్యం చేసే స్త్రీని రైతుగా గుర్తించాలన్నది అందులోని సారం. అది 2013లో మురిగిపోయింది.

అందుకని మనం అడగాల్సినవి ఇవి. భూమి పట్టాతో ముడిపెట్టకుండా సేద్యం చేసే ప్రతి మనిషినీ, స్త్రీని పేరుపెట్టి చెప్పి, రైతుగా నిర్వచించాలి. మహిళా సంఘాలను, విత్తన బ్యాంకులను, రైతు ఉత్పత్తిదారుల సంఘాలను వ్యాపారుల జాబితా నుంచి స్పష్టంగా తప్పించాలి. నష్టపరిహారం గడువు లోపల, జిల్లా స్థాయిలో, విత్తనం అమ్మిన కంపెనీయే చెల్లించాలి. ధర నియంత్రించే అధికారం రాష్ట్రాలకు ఉండాలి. విత్తన కమిటీలలో అధికారులు, కంపెనీల ప్రతినిధులతోపాటు విత్తనం కాపాడే స్త్రీలు కూర్చోవాలి.

అడగడంతో పాటు మనం చేయగలిగింది కూడా ఒకటుంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద స్థానిక సంస్థ స్థాయిలో కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. చాలా చోట్ల దాన్ని ఆఫీసులో కూర్చుని నింపేస్తున్నారు. మీరు వెళ్లి అడగండి. మీ ఊళ్లో ఏ విత్తనం ఎవరింట్లో ఉందో రాయించండి. ఇంటి యజమాని పేరు కాదు, విత్తనం దాచిన మనిషి పేరు రాయించండి. రేపు ఎవరైనా వచ్చి ఈ రకం మాదంటే ఆ కాగితం అడ్డం నిలబడుతుంది.

1992లో దూబగుంటలో చదువు నేర్చుకున్న స్త్రీలు సారా దుకాణం మూయించారు. అది ముందు ఒక ఊరి గొడవ, తరువాత రాష్ట్రమంతటి ఉద్యమం అయింది. విత్తనం విషయంలో అంత కోపం మనకింకా రాలేదు. సారా ఇంట్లోకి రావడం కంటికి కనిపించింది. విత్తనం ఇంట్లోంచి పోవడం కనిపించదు. ఒక ఏడాది బుట్ట ఖాళీగా ఉంటుంది. మరుసటేడు షాపుకు వెళతాం. మూడో ఏడాదికి దాచే పద్ధతే మరచిపోతాం.

నా ప్రశ్నావళిని తరువాత మార్చాను. ఇప్పుడు మొదటి ప్రశ్న ‘మీ ఇంట్లో విత్తనం ఎవరు దాస్తారు?’ ఈ ప్రశ్నను మీ ఊరి గ్రామసభలో, మీ ఎం.పి. ముందు మీరే అడగాలి. ఈ సభ నుంచి ఇంటికి వెళ్లాక ముందు మీ బుట్ట విప్పి చూసుకోండి. ఏముందో, ఏం పోయిందో రాసుకోండి. వచ్చే సమావేశానికి ఆ కాగితం తీసుకురండి. మన పని అక్కడ మొదలవుతుంది.