కూరగాయల మడిలో పెరిగిన ఆకు మడికే

(సంఘం మండల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



టమాట కాపు అయిపోగానే మనం ఏం చేస్తున్నాం? చెట్లు పీకి గట్టున కుప్పేసి, ఎండాక అగ్గిపుల్ల గీస్తున్నాం. ఆ తర్వాత యూరియా కోసం చెప్పులు వరుసలో పెట్టి ఎదురుచూస్తున్నాం. కుప్పలో ఉన్న నత్రజని చాలావరకు పొగలోనే పోయింది.

ముందే ఒక మాట. ఆకు ఉంది కదా, యూరియా అడగొద్దని చెప్పడానికి మేము రాలేదు. లెక్క చూడండి. 45 కిలోల బస్తాలో నత్రజని 20 కిలోల పైచిలుకు. గ్లైరిసిడియా లాంటి మంచి ఆకు పచ్చిది 100 కిలోలు తెచ్చినా అందులో ఉండేది అరకిలో, మహా అయితే ముప్పావు. ఒక్క బస్తాకి సాటి రావాలంటే మూడు టన్నులు మోయాలి. ఎవరు మోస్తారు? ఎరువు సకాలంలో అందించడం ప్రభుత్వ బాధ్యతే. ఆ డిమాండులో మార్పు లేదు.

కానీ ఆకు ఇచ్చేది నత్రజని ఒక్కటే కాదు. మొక్కల మధ్య నాలుగు వేళ్ల మందం పరిస్తే నేలలో తడి ఆగుతుంది, కలుపు కూలీ తగ్గుతుంది. మొదలుకి మాత్రం జానెడు దూరం వదలాలి, లేదంటే కుళ్లు పడుతుంది. క్యాబేజీ పై ఆకులు ముందు గేదెకే వేయండి. అవి ఎలాగూ పేడై మడికి వస్తాయి.

చిక్కుడు, అలసంద కాపు అయ్యాక మొదలు కోసి వేర్లు నేలలోనే వదిలేయండి. టమాట, వంగ, బెండ అయితే నాలుగు చోట్ల పీకి వేర్లు చూడండి. చిక్కుడు వేరు మీది బుడిపె గోటితో గీరితే ఊడొస్తుంది, అది మంచిది. వేరే ఉబ్బి ముడులు పడితే నులిపురుగు. వాడిపోయిన టమాట కాండం ముక్కని గాజు గ్లాసు నీళ్లలో పెట్టండి. పాలలాంటి దారం దిగితే బాక్టీరియా ఎండు తెగులు. ఈ రెండు రకాల మొక్కల్నీ, పురుగు తొలిచిన వంగ కొమ్మల్నీ మడిలో ఉంచొద్దు. నిప్పు పెట్టాల్సింది వీటికే.

పచ్చి ఆకు నేలలో కలియదున్నితే, తడి ఉంచి రెండు మూడు వారాలు ఆగి నారు నాటాలి. మనలో చాలామంది తొందరపడి నారు చంపుకున్నవాళ్లమే. ఎండు కట్టె మట్టిలో కలిపితే అది కుళ్లేటప్పుడు నత్రజని లాక్కుంటుంది, పైరు పసుపు రంగుకి మారుతుంది. కట్టెని కుప్పలో పేడనీళ్లతో మాగనివ్వడం మేలు. వయ్యారిభామ పూత రాకముందే కోయాలి, ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు.

కౌలు రైతుకి గట్టున చెట్టు నాటుకునే హక్కూ లేదు. అందాకా దారి పక్క కానుగ, తంగేడు ఉన్నాయి. సొంత గట్టు ఉన్నవాళ్లు తొలకరికి రెండు మూరల గ్లైరిసిడియా కొమ్మలు పాతండి. కొమ్మలు కావాల్సినవాళ్లు సమావేశం అయ్యాక కార్యదర్శి దగ్గర పేర్లు రాయించండి.